లిఫ్ట్ లేకుండా క్లచ్ మార్చిన పని

అమెరికాకు మెకానిక్‌గా వచ్చిన కొత్తలో నాకు ఇక్కడి కార్ల కన్నా కూలి లెక్క ఎక్కువ వింతగా తోచింది. చాలా వర్క్‌షాపుల్లో మనం ఎంతసేపు కష్టపడ్డామన్నది ఎవరూ చూడరు. ఏ పనికి ఎన్ని గంటలో ముందే పుస్తకంలో రాసి ఉంటుంది. ఒక పనికి 6 గంటలని ఉంటే, 4 గంటల్లో ముగించినవాడికీ 6 గంటల కూలే, 9 గంటలు పట్టినవాడికీ అంతే. తుప్పు పట్టిన బోల్టు విరిగితే ఆ నష్టం మెకానిక్‌దే. అందుకని బండిని పైకెత్తే లిఫ్ట్ కింద నిలబడినంతసేపూ మనసులో గంటలు కొట్టుకుంటూనే ఉంటాయి. పని బాగా చెయ్యాలన్న తపన ఉన్నవాడికి ఇది పెద్ద బాధ. ఒక భాగం విప్పినప్పుడు దాని పక్కదాన్ని కూడా తుడిచి, చూసి, బిగిద్దామనిపిస్తుంది. దానికి పుస్తకంలో గంటలు ఉండవు.

ఆ తీరిక నాకు సొంత గ్యారేజీ నేల మీద దొరికింది. మా పక్క వీధి అపార్ట్‌మెంటులో ఉండే తెలుగు కుర్రాడికి 1990ల నాటి మాజ్దా మియాటా ఉంది. రెండు సీట్ల చిన్న స్పోర్ట్స్ కారు. 1989లో షికాగో ఆటో షోలో లోకానికి పరిచయమైన బండి, ఇప్పటికీ దాన్ని ప్రాణంగా చూసుకునేవాళ్లున్నారు. ఐదో గేరులో యాక్సిలరేటర్ నొక్కితే ఇంజిన్ మోత పెరుగుతోంది, వేగం పెరగడం లేదు. ఎత్తు ఎక్కితే కాలిన వాసన. ఇంజిన్‌కూ గేర్‌బాక్సుకూ మధ్య ఉండే క్లచ్ అరిగిపోయిందని చెప్పడానికి ఇంతకన్నా గుర్తులు అక్కరలేదు.

“అన్నా, మనమే మార్చలేమా? నేనూ పక్కన ఉండి నేర్చుకుంటాను” అన్నాడు. అతని అపార్ట్‌మెంటు ఒప్పందంలో పార్కింగ్ స్థలంలో బండి విప్పకూడదని రాసి ఉంది. అద్దె ఇళ్లలో ఇది మామూలే. మా ఇంటికి తీసుకురమ్మన్నాను.

ఇక్కడ మనవాళ్లలో ఎక్కువమంది కంప్యూటర్ ముందు పనిచేసేవాళ్లు. గోళ్లలో గ్రీజు మరకలతో కనిపిస్తే “చదువు మధ్యలో ఆపేశారా?” అని అడిగినవాళ్లూ ఉన్నారు. అలా అడిగినప్పుడు నాకు నొప్పిగానే ఉంటుంది. మిల్లీమీటరులో పదోవంతు తేడాకు బండి వణికే పని ఇది. చదువు లేకుండా అయ్యేది కాదు. ఆ కుర్రాడు అలా అడగలేదు, నోటుబుక్కు పట్టుకుని వచ్చాడు. అందుకే నాకు అతనంటే ఇష్టం.

మొదటి పాఠం పానాల దగ్గరే. ఈ దేశంలో పాత పెట్టెల్లో అంగుళాల సాకెట్లు ఉంటాయి, జపాన్ బండికి బోల్టులన్నీ మిల్లీమీటర్లలో. 12 మి.మీ. బోల్టు తలకు అర అంగుళం సాకెట్ పట్టినట్టే అనిపిస్తుంది. కానీ అర అంగుళమంటే 12.7 మి.మీ. మొండి బోల్టు మీద బలంగా తిప్పితే మూలలు గుండ్రంగా అరిగిపోతాయి, ఆ తర్వాత దాన్ని ఊడదీయడం ఇంకో రోజు పని. బిగింపు కొలతలోనూ ఇదే చిక్కు. ఇంజిన్ వెనక తిరిగే బరువైన చక్రం ఫ్లైవీల్, దాని బోల్టులకు సుమారు 100 న్యూటన్ మీటర్లు కావాలి. బిగింపు కొలిచే ఇక్కడి టార్క్ రెంచి మీద పౌండు అడుగుల గీతలు ఉంటే అది 74 దగ్గర పడుతుంది. ఏ గీత చదువుతున్నామో బిగించే ముందు ఒకరికొకరు పైకి చెప్పుకోవాలన్నది నేను పెట్టిన నియమం.

ఇక బండి ఎత్తడం. ఈ విషయంలో నాకు రాజీ లేదు. బండిని ఎత్తడానికే జాకీ, నిలబెట్టడానికి కాదు. సిమెంటు ఇటుకలు అసలు వద్దు, బరువు కింద చెప్పకుండా పగులుతాయి. చదునైన కాంక్రీటు నేల మీద నాలుగు స్టాండ్లు, తయారీదారు చూపించిన చోట్లలోనే. ముందూ వెనకా కొంచెం కొంచెంగా ఎత్తుతూ పోవాలి, ఒకవైపే పైకి లేపేస్తే రెండోవైపు స్టాండు జారుతుంది. క్లచ్ అందాలంటే గేర్‌బాక్సు ఊడాలి, అది జాకీ మీద ఉండగానే కింది నుంచి బయటికి జరగాలి కాబట్టి పడుకోవడానికి సరిపడా ఎత్తు చాలదు. ఎత్తాక బండిని రెండు చేతులతో గట్టిగా ఊపాను. కుర్రాడు కంగారుపడి “పడిపోతుందేమో అన్నా” అన్నాడు. పడేదైతే మనం కిందికి వెళ్లకముందే పడాలి తమ్ముడూ అన్నాను. తర్వాత తనూ ఊపి చూశాడు.

బ్యాటరీ తీగ తీశాం, ఈ బండిలో అది డిక్కీలో ఉంటుంది. లోపలి నుంచి గేరు రాడ్డు, కింద పొగగొట్టం, గేర్‌బాక్సు నుంచి వెనక్కి శక్తిని చేరవేసే ప్రొపెల్లర్ షాఫ్టు వరుసగా వచ్చాయి. షాఫ్టు విప్పే ముందు వెనక అంచు మీద రంగుతో గీత పెట్టించాను, బిగించేటప్పుడు అదే గీతకు రావాలి.

మియాటాలో అసలు మెలిక వేరే చోట ఉంది. చాలా బండ్లలో గేర్‌బాక్సు తోకను మోయడానికి అడ్డంగా ఒక దూలం ఉంటుంది. ఇందులో అది లేదు. గేర్‌బాక్సును, వెనక చక్రాలను తిప్పే డిఫరెన్షియల్‌తో కలుపుతూ పొడవాటి అల్యూమినియం ఫ్రేము ఒకటి ఉంటుంది, తోక బరువంతా దాని మీదే. కింద జాకీ పెట్టకుండా ఆ ఫ్రేము బోల్టులు విప్పితే గేర్‌బాక్సు తోక ఒక్కసారిగా కిందికి వాలుతుంది, ఇంజిన్ వెనక్కి ఒరుగుతుంది. డిఫరెన్షియల్ ముక్కు కూడా వంగుతుంది. అందుకని ముందు రెంటికీ ఆసరా, తర్వాతే పానా.

గేర్‌బాక్సును ఇంజిన్‌కు బిగించే పై వరుస బోల్టులు అందుకోవడమే ఈ పనిలో ఓపికకు పరీక్ష. కంటికి కనబడవు. గేర్‌బాక్సు తోకను జాకీతో కాస్త దించితే ఇంజిన్ వంగి పైన సందు ఏర్పడుతుంది. ఎక్కువ దించితే ఇంజిన్ వెనక భాగం క్యాబిన్ గోడకు తగులుతుంది కాబట్టి పైనుంచి ఒకరు చూస్తూ ఉండాలి. పొడవాటి ఎక్స్‌టెన్షన్లు ఒకదానికొకటి తగిలించి తోక వైపు నుంచి సాకెట్‌ను పంపించాం. వర్క్‌షాపులో అయితే ఇక్కడే నోటికి తిట్లు వస్తాయి. నేల మీద పడుకుని, తరిమేవాడు లేకుండా, వేళ్లతో తడిమి బోల్టు తల దొరికించుకోవడంలో ఒక సుఖం ఉంది.

గేర్‌బాక్సు 30 కిలోలు దాటుతుంది. దాన్ని ఛాతీ మీద దించుకునే మొనగాళ్లున్నారు, నేను ఒప్పుకోను. జాకీకి పట్టీలతో కట్టి, తిన్నగా వెనక్కి లాగి, అప్పుడు దించాలి. బయటికి వచ్చే లోపల దాని బరువు క్లచ్ ప్లేటు మీద వేలాడకూడదు, ఎక్కించేటప్పుడూ అంతే. వేలాడితే కొత్త ప్లేటు మధ్యభాగం వంగి, క్లచ్ పూర్తిగా విడవడం మానేస్తుంది.

పాత ప్లేటు చేతిలోకి తీసుకున్నాం. 1.8 లీటర్ల ఇంజిన్, 215 మి.మీ. ప్లేటు. ఒకవైపు రివెట్ల తలలు పైకి తేలి మెరుస్తున్నాయి. కొత్తదాంట్లో ఆ తలలు గుంటలో లోతుగా ఉంటాయి, ఆ లోతు 0.3 మి.మీ.కి దిగితే మార్చమని మాన్యువల్ చెబుతుంది. ఫ్లైవీల్ మీద నీలం మచ్చలు, సన్నని జుట్టులాంటి పగుళ్లు. అది చూశాక ఫ్లైవీల్‌ను మెషీన్ షాపుకు పంపి నునుపు చేయించాం. కుర్రాడు లోపలి నల్లటి పొడిని గాలి గొట్టంతో ఊదబోతే ఆపాను. పాత లైనింగులలో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది, ఆ ధూళి ఊపిరితిత్తులకు ప్రమాదం. బ్రేక్ క్లీనరుతో తడిపి గుడ్డతో తుడవాలి, ఆ గుడ్డను సంచిలో కట్టి పారేయాలి.

రిలీజ్ బేరింగ్, పైలట్ బేరింగ్ కూడా కొత్తవే వేశాం. ఇంజిన్ వెనక ఆయిల్ సీల్ చెమ్మగా ఉంది. పుస్తకం లెక్కలో అది మరో పని, మా లెక్కలో చేతికందిన పని. మార్చేశాం. గేర్‌బాక్సు షాఫ్టు గాడులకు గ్రీజు పలుచగా మాత్రమే, ఎక్కువైతే తిరిగేటప్పుడు చిమ్మి ప్లేటుకు అంటుతుంది. కొత్త ప్లేటు మీద ఏ ముఖం ఫ్లైవీల్ వైపో రాసి ఉంటుంది. దాన్ని సరిచూసి, మధ్యకు తెచ్చే ప్లాస్టిక్ కడ్డీ పెట్టి, ప్రెషర్ ప్లేటు బోల్టులను ఎదురెదురుగా కొంచెం కొంచెం చొప్పున బిగించాం.

గేర్‌బాక్సు తిరిగి ఎక్కించేటప్పుడు చివర్లో కాస్త సందు మిగిలింది. “బోల్టులు వేసి లాగేద్దామా?” అన్నాడు. వద్దన్నాను. సందు ఉందంటే షాఫ్టు ఎక్కడో అడ్డుపడుతోందని అర్థం, బోల్టుతో లాగితే అల్యూమినియం చెవి విరుగుతుంది. జాకీని కొద్దిగా పైకి లేపి, గేరులో పెట్టి గేర్‌బాక్సు వెనక షాఫ్టును చేత్తో మెల్లగా తిప్పమన్నాను. పళ్లు కలిశాయి, సందు దానంతటదే మూసుకుపోయింది. అతని ముఖం వెలిగిపోయింది, నాది కూడా.

గేర్‌బాక్సులో జీఎల్-4 రకం 75డబ్ల్యూ-90 ఆయిల్ పోశాం, సుమారు 2 లీటర్లు పట్టింది. మొదటి 800 కిలోమీటర్లు గట్టిగా పరుగెత్తించవద్దని, ఊళ్లో గేర్లు మారుస్తూ నడపమని చెప్పాను. తర్వాత మళ్లీ తీసుకొచ్చాడు. ఫ్రేము బోల్టుల బిగువు చూశాం, ఆయిల్ కారిన గుర్తు ఎక్కడా లేదు. అదే ఊపులో డిఫరెన్షియల్ ఆయిల్ కూడా మారుద్దామన్నాడు. స్టాండ్లు తనే పెట్టాడు, తనే ఊపాడు. కింది బోల్టు జోలికి పోకుండా ముందు నింపే బోల్టు ఊడుతుందో లేదో చూశాడు. అది ఊడకపోతే, ఆయిల్ ఖాళీ చేసిన బండి అక్కడే చిక్కుకుపోతుంది. ఆ మాట నేను చెప్పాల్సిన అవసరం రాలేదు.