బిళ్ళలో మూడో మందు

షుగర్ రిపోర్టు అంత బాగా రావడం నాకు అదే మొదటిసారి. తొమ్మిది దాటి ఉండే హెచ్‌బీఏ1సీ, అంటే మూడు నెలల షుగర్ సగటు చెప్పే పరీక్ష, ఏడుకు దిగింది. కొత్త బిళ్ళ బాగా పనిచేస్తోందని డాక్టరు గారు కూడా సంతోషించారు. ఆ కాగితం చూపించడానికి ఆయన క్లినిక్ మెట్లు ఎక్కుతూ మధ్యలో ఆగి ఊపిరి తీసుకున్న సంగతి మాత్రం రిపోర్టులో ఉండదు కదా.

మాది సింగరాయకొండ. కందుకూరు, ఒంగోలు మధ్య బస్సుల్లో కండక్టరుగా చేసి రిటైరయ్యాను. బతుకంతా నిలబడి చేసిన ఉద్యోగం కాబట్టి కాళ్ళు వాచాయంటే ఇంట్లో ఎవరికీ వింతగా అనిపించలేదు. మా ఆవిడే ఒకరోజు, "ఏందండీ, చెప్పు విప్పినా కాలి మీద పట్టీ అట్టనే ఉంది?" అంది. మోకాలి కింద ఎముక మీద బొటనవేలితో నొక్కి చూసింది. గుంట పడింది. అది మళ్ళీ పూడేదాకా ఇద్దరం చూస్తూ కూర్చున్నాం.

తలా ఒక మాట చెప్పారు. ఉప్పు తగ్గించమన్నారు, పచ్చళ్ళు మానమన్నారు. బీపీకి వాడే ఆమ్లోడిపిన్ వల్ల కాళ్ళు వాచడం మామూలేనని మందుల షాపు అబ్బాయి చెప్పాడు. అది నిజమే. డాక్టరు గారు ఆ బిళ్ళ మార్చారు కూడా. వాపు తగ్గలేదు సరికదా, తిండి పెరగకుండానే బరువు పెరిగింది. పడుకుంటే దగ్గు. తల కింద రెండో దిండు వచ్చింది, ఆ తర్వాత అదీ చాలక అర్ధరాత్రి లేచి వరండాలో కుర్చీలో కూర్చునేవాణ్ణి.

మా అబ్బాయి పట్టుబట్టి నెల్లూరు తీసుకెళ్ళాడు. గుండె డాక్టరమ్మ చీటీ పక్కన పెట్టి, "వాడే మందుల స్ట్రిప్పులు ఇవ్వండి పెద్దాయనా" అని అడిగింది. షుగర్ బిళ్ళ స్ట్రిప్పు వెనక్కి తిప్పి చదివింది. గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్, మూడోది పయోగ్లిటజోన్. స్ట్రిప్పు మీద కంపెనీ పెట్టిన పేరు మాత్రం అంతకు ముందు నేను వాడిన బిళ్ళదే. దీనికి చివర ఒక అక్షరం ఎక్కువ, అంతే. ఆ అక్షరంతో ఒక మందు ఎక్కువొచ్చింది. ఎకో, అదే గుండె స్కానింగ్, తీస్తే, ఏళ్ళ తరబడి ఉన్న బీపీ వల్ల గుండె కండరం కాస్త బిగుసుకుందని తేలింది. పయోగ్లిటజోన్ మొదలుపెట్టక ముందు నాకు ఎవరూ ఎకో తీయలేదు.

డాక్టరమ్మ చెప్పింది విన్నాక, తర్వాత నేను చదివింది ఇదీ. ఇన్సులిన్ మాట ఒళ్ళు వినేలా చేయడం ఈ మందు పని, అది బాగానే చేస్తుంది. కానీ మూత్రపిండాల్లో ఉప్పునీ నీటినీ బయటికి పోనివ్వదు. గుండె బలంగా ఉన్నవాడు ఆ నీటిని మోస్తాడు, లేనివాడికి నాలా ఆయాసం. అమెరికాలో 1999లో జపాన్ కంపెనీ టకెడా దీన్ని యాక్టోస్ పేరుతో తెచ్చింది. గుండె వైఫల్యం గురించి మందు సమాచార కాగితంలో గడి కట్టి పెద్ద హెచ్చరిక వేయాలని 2007లో అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ చెప్పింది. 2011లో మూత్రాశయ క్యాన్సర్ భయంతో ఫ్రాన్స్ దీన్ని ఆపేసింది. ఆ క్యాన్సర్ విషయమై అమెరికాలో పడ్డ కేసులు చాలావరకు తేల్చుకోవడానికి 2015లో టకెడా 240 కోట్ల డాలర్ల దాకా ఇస్తానంది, తప్పు మాత్రం ఒప్పుకోలేదు. అదే ఏడాది వచ్చిన ఒక పెద్ద పరిశీలనలో క్యాన్సర్ ముప్పు ఖాయంగా పెరిగినట్టు తేలలేదు. మన దేశంలో 2013 జూన్‌లో నిషేధించి, జూలై చివర్లో ఎత్తేశారు, షుగర్‌కి మొదటి మందుగా వాడకూడదని ఎర్ర అక్షరాల్లో రాయాలన్న షరతు మీద. నేను మింగింది టకెడా బిళ్ళ కాదు, ఇక్కడి కంపెనీదే. చవక. అందుకే ఇంతమంది వాడుతున్నారు.

డాక్టరమ్మ ఆ బిళ్ళ ఆపించి, నీరు పోవడానికి ఫ్యూరోసెమైడ్ రాసింది. మొదటి రెండు రోజులూ బాత్రూమ్ పక్కనే కాపురం. వారం తిరగకముందే కాలి ఎముక కనబడింది, దిండు ఒకటి తగ్గింది. పూర్తిగా తేరుకోవడానికి మాత్రం నెలలు పట్టింది. షుగర్ మళ్ళీ పైకి పోయింది. ఇప్పుడు మెట్‌ఫార్మిన్‌తో పాటు డాపగ్లిఫ్లోజిన్ వాడుతున్నాను. చక్కెరను మూత్రంలో పంపేసే మందు, గుండెకీ మంచిదట. దీనికీ గొడవలున్నాయి. నీళ్ళు సరిగా తాగాలి, మూత్రం దారిలో ఇన్ఫెక్షన్ రాకుండా శుభ్రంగా ఉండాలి. హెచ్‌బీఏ1సీ ఏడున్నర దగ్గర ఆగింది. ఫర్వాలేదంది డాక్టరమ్మ. ఆయాసపడుతూ తెచ్చుకున్న ఏడు కంటే నాకు ఇదే నయం.

మొన్న మా బావమరిది ఇంటికి వెళ్తే టీవీ మీద స్ట్రిప్పు కనిపించింది. తిప్పి చూస్తే అందులోనూ పయోగ్లిటజోన్. ఏళ్ళుగా వాడుతున్నాడట, కాళ్ళు శుభ్రంగా ఉన్నాయి, ఆయాసం లేదు. మానెయ్యమని చెప్పడానికి నేనెవర్ని? సొంతంగా ఆపొద్దనే చెప్పాను. ఎకో ఎప్పుడైనా తీశారా, మూత్రంలో ఎర్రగా పడిందా అని అడిగాను. "నీకు పడకపోతే నాకూ పడదా బావా?" అని నవ్వాడు. వాళ్ళావిడ మాత్రం ఆ పేరు కాగితం మీద రాయించుకుంది, వచ్చే నెల డాక్టరు దగ్గరికి తనూ వెళ్తానని.