న్యూరో మందులు: ఎవరికి ఇవ్వకూడదో ముందు చదవండి

డాక్టర్ల పీజీ ప్రవేశ పరీక్ష నీట్ పీజీలో కోరుకున్న ర్యాంకు వచ్చింది. ఇంట్లో అమ్మానాన్నల సంతోషం చూశాక నా టెన్షన్ అంతా దిగిపోయింది. జూనియర్లు చాలామంది మొత్తం ప్లాన్ రాయమంటున్నారు. ప్లాన్లు మీ దగ్గర ఇప్పటికే బోలెడు ఉంటాయి. నేను న్యూరాలజీ ఒక్కటే రాస్తాను, నా స్కోరు కదిలింది అక్కడే కాబట్టి.

న్యూరోని మనం ముక్కలు ముక్కలుగా చదువుతాం. జబ్బు మెడిసిన్‌లో, మందు ఫార్మాలో, పిల్లల ఫిట్స్ పీడియాట్రిక్స్‌లో. ప్రశ్న మాత్రం ఒక పేషెంటుగా వస్తుంది. ఫార్మా టేబుల్ ఎంత బట్టీ పట్టినా రెండు ఆప్షన్ల మధ్య ఊగిసలాట తప్పదు. నాకు ఈ చిక్కు విడిపోయింది ఒక గ్రాండ్ టెస్ట్ (మాక్ పరీక్ష) ప్రశ్నతో. పదహారేళ్ల అమ్మాయికి పొద్దున లేవగానే చేతులు ఉలిక్కిపడి కప్పు జారిపోతోంది, రాత్రి నిద్ర చాలకపోతే ఇంకా ఎక్కువ. జువెనైల్ మయోక్లోనిక్ ఎపిలెప్సీ (టీనేజీలో కుదుపులతో వచ్చే మూర్ఛ) అని మనందరికీ తెలుసు. మూర్ఛ మందుల్లో వాల్‌ప్రోయేట్ బాగా పనిచేస్తుందనీ తెలుసు. కానీ రేపు ఆమె గర్భం దాలిస్తే బిడ్డకు న్యూరల్ ట్యూబ్ (మెదడు, వెన్నుపాము) లోపాల భయం, అందుకే లెవెటిరాసెటమ్. కార్బమజెపిన్ ఇచ్చామా, ఆ కుదుపులు ఇంకా పెరుగుతాయి. ఒక్క అమ్మాయి కేసులో మూడు మందులు కారణాలతో సహా గుర్తుండిపోయాయి. తర్వాత ఎప్పుడూ మళ్లీ చూసుకోవలసిన అవసరం రాలేదు.

ఆ రోజు నుంచి ప్రతి మందు పక్కన ‘ఎవరికి ఇవ్వకూడదు’ అనే గడి పెట్టి నోట్స్ మళ్లీ రాశాను. మైగ్రేన్‌కి సుమాట్రిప్టాన్, గుండె రక్తనాళాల జబ్బు ఉంటే వద్దు. పార్కిన్సన్ పేషెంటుకి వాంతులైతే మెటోక్లోప్రమైడ్ వద్దు, అది మెదడులోకి వెళ్లి డోపమిన్‌ని అడ్డుకుంటుంది. మయస్థీనియాలో (కండరాలు త్వరగా అలిసిపోయే జబ్బు) జెంటామైసిన్, సిప్రోఫ్లాక్ససిన్, మెగ్నీషియం ప్రమాదం. జీబీఎస్‌లో (నరాలు దెబ్బతిని కాళ్లూచేతులూ వేగంగా చచ్చుబడే గిలాన్-బారే జబ్బు) స్టెరాయిడ్ పనికిరాదు, ఐవీఐజీ (నరంలోకి ఎక్కించే ఇమ్యునోగ్లోబులిన్) గానీ ప్లాస్మా ఎక్స్ఛేంజ్ గానీ చేయాలి. దానిలాగే ఉండి నెలల తరబడి సాగే సీఐడీపీలో అదే స్టెరాయిడ్ పనిచేస్తుంది. ఈ జంటను పక్కపక్కనే రాసుకోండి.

స్టేటస్ ఎపిలెప్టికస్‌లో (ఆగకుండా వచ్చే ఫిట్స్) లోరాజెపామ్ తర్వాత ఏది అనే దగ్గర చాలామంది ఆగిపోతారు. లెవెటిరాసెటమ్, ఫాస్‌ఫెనిటోయిన్, వాల్‌ప్రోయేట్ మూడూ దాదాపు సమానంగానే పనిచేస్తాయని 2019లో వచ్చిన ఎసెట్ ట్రయల్ తేల్చింది. అందుకే జవాబు కేసులోనే వెతకాలి. లివర్ జబ్బు ఉంటే వాల్‌ప్రోయేట్ తీసేయండి, హార్ట్ బ్లాక్ ఉంటే ఫాస్‌ఫెనిటోయిన్ తీసేయండి.

అంకెలు బట్టీ పట్టక తప్పనిది స్ట్రోక్‌లో. రక్తపు గడ్డ కరిగించే ఆల్టెప్లేజ్ లక్షణాలు మొదలైన 4.5 గంటల్లోపు, కిలోకి 0.9 మిల్లీగ్రాములు, మొత్తం 90 మిల్లీగ్రాములు దాటకూడదు, అందులో పది శాతం బోలస్ (మొదట ఒకేసారి ఇచ్చేది). బీపీ 185/110 కంటే కిందికి తెచ్చాకే మొదలుపెట్టాలి.

న్యూరో నుంచి వచ్చే ప్రశ్నలు కొన్నే, దానికింత టైమ్ ఎందుకని నాతో చాలామంది అన్నారు. నేను వినలేదు, వినకపోవడమే సరైనదని ఇప్పుడు ఇంకా గట్టిగా అంటాను. మయస్థీనియా అనస్థీషియాలోనూ వస్తుంది: కండరాలు సడలించే మందుల్లో సక్సినైల్‌కోలిన్‌కి ఈ పేషెంట్లు లొంగరు, వెక్యురోనియం లాంటివి కొంచెం ఇచ్చినా ఎక్కువైపోతుంది. మూర్ఛ మందు విగబాట్రిన్ చూపు అంచులను దెబ్బతీస్తుంది కాబట్టి ఆప్తాల్మాలజీలోనూ అడగొచ్చు. టైమ్ లేదనేవాళ్లు ఒక్కసారి ఫోన్‌లో స్క్రీన్ టైమ్ చూసుకోండి. డ్యూటీ నుంచి అలసిపోయి వచ్చిన రోజు కూడా నాలుగు కేసులైనా చదివి పడుకోవాలి. మూడ్ వచ్చినప్పుడు చదువుదామంటే పీజీ సీటు రాదు. పరీక్షలో ఒక్కో సెక్షన్‌లో 40 ప్రశ్నలకు 42 నిమిషాలు, సెక్షన్ అయిపోతే వెనక్కి వెళ్లలేం. అక్కడ చేయి తడబడకుండా కాపాడేది రోజూ చేసిన సాధనే.

ఎంఎస్ (మల్టిపుల్ స్క్లెరోసిస్), ఆల్జీమర్స్, ఏఎల్ఎస్ (కండరాలను నడిపే నరకణాలు క్షీణించే జబ్బు) మందులు చిన్న లిస్టులే, ఒక పూటలో అయిపోతాయి. ఎంఎస్ మందుల్లో నటాలిజుమాబ్‌తో పీఎంఎల్ (మెదడుకు సోకే ప్రమాదకరమైన వైరస్ జబ్బు), ఫింగోలిమోడ్ మొదటి డోసుతో గుండె వేగం తగ్గడం, ఈ రెండూ మాత్రం వదలొద్దు. ఈఈజీల్లో (మెదడు తరంగాల రికార్డు) పసిపిల్లల ఫిట్స్‌లో కనిపించే హిప్సరిథ్మియా, 3 హెర్ట్జ్ స్పైక్ అండ్ వేవ్ బొమ్మలు పరీక్ష ముందు రోజు కూడా ఒకసారి చూసుకోండి.