వాడి బరువు నువ్వెత్తుతావేటి?

మా బడి సంచికకి ఏదైనా రాయమంటే మిగతావాళ్ళంతా పదో తరగతి మార్కుల గురించే రాస్తారని నాకు తెలుసు, అందుకే నేను బడి వెనక మేం వెయిట్‌లిఫ్టింగ్ నేర్చుకున్న రేకుల షెడ్డు గురించి రాస్తున్నాను. ఒక రాడ్డు, అంచులు విరిగిన ప్లేట్లు, నేల మీద పరిచిన చెక్కలు, ఎదురుగోడకి ఒక మేకు. ఆ మేకు ఎవరికైనా గుర్తుందా? గేమ్స్ మాస్టారు దాన్ని కొట్టించింది క్యాలెండర్ తగిలించడానికి కాదు, మేం చూడ్డానికి.

వెయిట్‌లిఫ్టింగ్‌లో పేరు పిలిచాక మామూలుగా ఒక్క నిమిషమే టైము. ఆ నిమిషంలో ఏం చెయ్యాలో మాస్టారు ఖాయం చేసేశారు. చేతులకి సుద్దపొడి, బెల్టు ఒక్కసారి బిగించడం, మేకు వంక చూస్తూ ఊపిరి నెమ్మదిగా వదలడం, ఇక వంగడమే. మేం అలా నిలబడితే మిగతా కుర్రాళ్ళ చేత షెడ్డు రేకుల మీద కర్రలతో వాయింపించి, పేర్లు పెట్టి మరీ ఏడిపించేవారు. నన్ను "లెక్కల్లో సున్నా" అనేవారు. అది నిజమే గనక ఎక్కువ మండేది.

2000లో, తొమ్మిదో తరగతిలో, నా మొదటి జిల్లా పోటీ. స్నాచ్‌లో, అంటే రాడ్డుని నేల మీంచి ఒక్క ఊపులో తల పైకి ఎత్తడంలో, నేనే ముందున్నాను. క్లీన్ అండ్ జెర్క్‌లో, అంటే ముందు భుజాల దాకా తెచ్చి తర్వాత పైకి తోసేదాంట్లో, ఆఖరి ఛాన్సు ఉందనగా పక్కవాడినడిగాను, నాతో పోటీపడుతున్న ఆమదాలవలస కుర్రాడు ఎంత ఎత్తాడని. అరవై ఏడున్నర అన్నాడు. ఆ బరువు షెడ్డులో నేను ఎన్నోసార్లు ఎత్తిందే. కానీ ఆ అంకె విన్న దగ్గర్నుంచి నా బుర్రలో కూడికలే. రాడ్డు భుజాల దాకా బాగానే వచ్చింది. పైకి తోసేటప్పుడు "మోచెయ్యి వంగకూడదు, మోచెయ్యి వంగకూడదు" అనుకున్నాను, సరిగ్గా మోచెయ్యే వంగింది. సైకిలు తొక్కేవాడు ముందు రోడ్డు మానేసి పెడళ్ళ వంక చూస్తే ఏమవుతుందో అదే అయింది.

మాస్టారు తిట్టలేదు. బస్సులో వేరుశనక్కాయల పొట్లం నా చేతిలో పెట్టి, "ఏట్రా, వాడి బరువు నువ్వెత్తుతావేటి?" అన్నారంతే.

ఆ సెప్టెంబరు 19నే సిడ్నీలో మన ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి కాంస్యం గెలిచింది. ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళకి వెయిట్‌లిఫ్టింగ్ పెట్టిందే ఆ ఏడాది, మన దేశం నుంచి ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి మహిళ ఆవిడే. మర్నాడు మాస్టారు పేపరు షెడ్డుకి తెచ్చి గట్టిగా చదివారు: 69 కిలోల విభాగం, స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240. ఆఖర్న బంగారం కోసం 137.5 అడిగితే లేవలేదు. నేను ఊరుకోక, "మరి ఆవిడ కూడా అవతలివాళ్ళ లెక్క చూసుకునే కదా మాస్టారూ అంత అడిగింది?" అన్నాను. షెడ్డంతా గప్‌చుప్. ఆయన కాసేపాగి, "లెక్క చూడ్డానికే కదరా కోచ్‌లున్నది" అన్నారు.

నిజానికి ఆ లెక్కలన్నీ ఆయన వేసుకునేవారని నాకు మరుసటి ఏడాది తెలిసింది. జేబులో బస్సు టిక్కెట్ల వెనక ఎవరెవరు ఎంతెంత ఎత్తారో రాసుకుని, నాకు మాత్రం "వెళ్ళు" అనేవారు. బరువెంతో మైకులో అరుస్తూనే ఉంటారు, చెవులు మూసుకోలేం కదా. ఆ ఏడాది పోటీ జరిగిన హాల్లో మేకు లేదు. వెంటిలేటర్లో ఒక అద్దం పగిలి ఉంటే దాన్నే చూశాను, ఊపిరి వదిలాను, వంగాను. దించాక వెనక్కి చూస్తే మాస్టారు టిక్కెట్టు మీద ఏదో కొట్టేస్తున్నారు. నేనెత్తింది డెబ్భై! రెండో స్థానం వచ్చింది. మొదటివాడు మళ్ళీ ఆ ఆమదాలవలస కుర్రాడే, ఏం చేస్తాం.

మొన్న సంక్రాంతికి షెడ్డులోకి వెళ్ళాను. మేకు ఉంది, తుప్పు పట్టింది. రాడ్డుకి ఎవరో ప్లేట్లు అలాగే వదిలేశారు. ఎన్ని కిలోలో చూడకుండా ఊపిరి వదిలి చేతులేశాను. లేవలేదనుకోండి. వాచ్‌మన్ వచ్చి, "నడుం పట్టేస్తాది బాబూ" అన్నాడు.