జావ తాగారు సరే, అందులో ఏముంది?

పొద్దున రాగిజావ, మధ్యాహ్నం చారన్నం, రాత్రి మజ్జిగన్నం. డెబ్బై దాటిన పెద్దవాళ్లున్న చాలా ఇళ్లలో ఇదే వరస. తేలిగ్గా అరుగుతుందంటారు. అరగడానికి అసలు అందులో ఏముందని? గ్లాసు నీళ్లలో రెండు చెంచాల రాగిపిండి, అంటే 10 గ్రాములు కలిపితే వచ్చేది 30 కేలరీల పైచిలుకు. ప్రోటీన్ ఒక గ్రాము కూడా ఉండదు. పళ్లు లేనివాళ్లకు తిండి మెత్తగా ఉండాలి, నిజమే. మనం దాన్ని పలచన చేసేస్తున్నాం.

ఈ వయసులో కిలో బరువుకు రోజుకు 1 నుంచి 1.2 గ్రాముల ప్రోటీన్ కావాలి. 50 కిలోల మనిషికి 50–60 గ్రాములన్నమాట. పై వరసలో 20 చేరడమే కష్టం. గుడ్డులో 6, 200 మి.లీ. పాలలో 6, 30 గ్రాముల కందిపప్పులో 6–7 గ్రాములు ఉంటాయి. కిడ్నీ జబ్బుంటే మాత్రం ఈ లెక్క డాక్టరే చెప్పాలి.

"ఇంకో ముద్ద" అని బతిమాలితే విసుక్కుంటారు. ముద్దలు పెంచకుండా ముద్దలోనే బలం పెంచాలి. జావను పాలతో కాచి, ఒక చెంచా వేరుశనగ పొడి మెత్తగా నూరి కలపండి. ముద్దపప్పు, చెంచా నెయ్యి (45 కేలరీలు) మొదటి ముద్దల్లోనే పడాలి, చారు చివరికి. ముందే చారు పోస్తే కడుపు నిండిపోయి పప్పు గిన్నెలోనే మిగులుతుంది. మజ్జిగ బదులు గడ్డ పెరుగు. రాత్రి ఏడింటికి తిని మర్నాడు తొమ్మిదింటికి టిఫిను తింటే మధ్యలో పద్నాలుగు గంటలు ఖాళీ కడుపే. పడుకోబోయే ముందు కప్పు పాలు, అందులో రెండు చెంచాల పాలపొడి.

అసలు ఎందుకు తినట్లేదో కూడా చూడాలి. చిక్కితే కట్టుడు పళ్లు వదులవుతాయి, వదులైతే నమల్లేక ఇంకా చిక్కుతారు. రాత్రి లేవాల్సొస్తుందని నీళ్లు తగ్గిస్తారు, మలబద్ధకం వస్తుంది, ఆకలి చస్తుంది. షుగర్‌కి వాడే మెట్‌ఫార్మిన్ లాంటి మందులూ ఆకలి తగ్గించవచ్చు. సొంతంగా ఆపకుండా డాక్టర్ని అడగండి. బీపీకి ఉప్పు, షుగర్‌కి తీపి, కొలెస్ట్రాల్‌కి నెయ్యి అన్నీ తీసేస్తే ఇక మిగిలేది చప్పిడి అన్నమే. బరువు తగ్గుతుంటే ఆ పాత పథ్యాలు ఇంకా అవసరమా అనీ అడగాలి. మింగుతూ దగ్గుతుంటే ఆలస్యం చేయొద్దు.

నెలకోసారి, ఒకే మిషన్ మీద, టిఫినుకు ముందు బరువు చూడండి. ఆరు నెలల్లో 60 కిలోలు 57కి వస్తే "వయసు మీద పడింది" అని సరిపెట్టుకోకూడదు. కాళ్ల వాపుంటే బరువు మోసం చేస్తుంది. అప్పుడు కుర్చీలో కూర్చోబెట్టి పిక్కను లావుగా ఉన్నచోట టైలర్ టేపుతో కొలవండి, 31 సెం.మీ. కంటే తక్కువుంటే కండ తగ్గిందేమోనని చూపించాలి. వాపున్న పిక్కా ఎక్కువే చూపిస్తుంది కాబట్టి 31 దాటినంత మాత్రాన నిశ్చింత వద్దు. ఐదు రోజులకు పైగా దాదాపు ఏమీ తినని మనిషికి ఒక్కసారిగా ఎక్కువ పెట్టడం ప్రమాదం, ముందు ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

అమెరికా నుంచి వీడియో కాల్లో "తిన్నావా అమ్మా?" అంటే "తిన్నా నాన్నా" అనే వస్తుంది. ఏం తిన్నావని అడగండి. గాజులు మోచేతి దాకా జారుతున్నాయా, ఉంగరానికి దారం చుట్టుకున్నారా, చెయ్యి చూపించమనండి.