పెన్‌డ్రైవ్‌లో బతుకమ్మ ఫొటో ఎక్కడుంటుంది?

సికింద్రాబాద్ కంప్యూటర్ మార్కెట్ సీటీసీలో కొన్న 32 జీబీ పెన్‌డ్రైవ్‌ని ఫ్యాట్32 (ఫైళ్లని డ్రైవ్‌లో అమర్చే ఒక పద్ధతి)లో, 16 కేబీ క్లస్టర్లతో, అంటే ఫైళ్లకి చోటు కేటాయించే ముక్కలతో, ఫార్మాట్ చేశారనుకుందాం. అందులో 40,000 బైట్ల బతుకమ్మ ఫొటో వేస్తే లోపల ఏమేం మారతాయి?

పార్టిషన్‌లో (డ్రైవ్‌లో ఫార్మాట్ చేసిన భాగం) మొదటి సెక్టర్, అంటే 512 బైట్ల ముక్క, బూట్ సెక్టర్. క్లస్టర్‌కి ఎన్ని సెక్టర్లు, ఫ్యాట్ పట్టిక ఎక్కడ మొదలు అన్న లెక్కలు అందులో ఉంటాయి. ఇది చెడిపోతే విండోస్ ‘ఫార్మాట్ చేయాలా?’ అని అడుగుతుంది. దయచేసి సరే అనకండి. ఫొటోలు అక్కడే ఉంటాయి, పైగా ఈ సెక్టర్ నకలు మామూలుగా 6వ సెక్టర్‌లో ఉంటుంది.

ఆ తర్వాత ఫ్యాట్ పట్టిక (ఏ ఫైలు ఏ క్లస్టర్లలో ఉందో చెప్పేది), సాధారణంగా రెండు ప్రతులు. ఒక్కో క్లస్టర్‌కి 4 బైట్ల గడి; ఈ డ్రైవ్‌కి దాదాపు 20 లక్షల గడులు, అంటే ప్రతికి దాదాపు 8 ఎంబీ. గడిలో ఉండేది అదే ఫైలు తర్వాతి క్లస్టర్ నంబరు. మన ఫొటోకి మూడు క్లస్టర్లు కావాలి. 9, 10, 14 ఖాళీగా దొరికితే 9వ గడిలో 10, 10వ గడిలో 14, 14వ గడిలో ముగింపు గుర్తు పడతాయి. చివరి క్లస్టర్‌లో 9,152 బైట్లు వృథా. క్లస్టర్ల లెక్క 2తో మొదలవుతుంది కాబట్టి 9వది డేటా భాగంలో 7 × 32 = 224 సెక్టర్ల తర్వాత వస్తుంది. కోడ్ రాసేటప్పుడు ఆ 2 తీసేయడం మరిచిపోతే వేరే ఫైలు మీద రాసేస్తారు.

ఫైలు పేరు, సైజు, మొదటి క్లస్టర్ నంబరు డైరెక్టరీలో (ఫోల్డర్‌లోని ఫైళ్ల జాబితా) 32 బైట్ల ఎంట్రీగా ఉంటాయి. సైజుకి 4 బైట్లే, అందుకే 4 జీబీ పెళ్లి వీడియో ఇందులో పట్టదు. తెలుగు పేరుకి అదనపు ఎంట్రీలు కావాలి, ఒక్కోదానిలో 13 యూనికోడ్ కోడ్లు (అక్షరానికో, గుర్తుకో ఒకటి). ‘బతుకమ్మ’లో కొమ్ము, పొల్లు కలిపి 7, చుక్కతో జేపీజీ 4. ఒక్క ఎంట్రీ చాలు.

డిలీట్ చేస్తే పేరులో మొదటి బైటు హెక్స్ అంకెల్లో E5 అవుతుంది, ఫ్యాట్ పట్టికలో గొలుసులా ముడిపడ్డ ఆ గడులు సున్నాలవుతాయి. ఫొటో బైట్లు కదలవు. ఫొటో ఎక్కడుందో వెతకడానికి రికవరీ సాఫ్ట్‌వేర్‌కి మిగిలేవి మొదటి క్లస్టర్ నంబరు, సైజు మాత్రమే. వరసగా 9, 10, 11 అని చదివితే మూడో ముక్క తప్పు, ఫొటో కింది భాగం చెడిపోయి కనిపిస్తుంది.

కాబట్టి పోగొట్టుకున్నాక ఆ డ్రైవ్‌లో ఏమీ రాయకండి, విండోస్ రిపేర్ టూల్ చెక్‌డిస్క్‌తో రిపేరూ వద్దు. ముందు డీడీ అనే కమాండ్‌తో మొత్తం డ్రైవ్ ఇమేజ్‌ని (బైటుకి బైటు నకలు) వేరే డిస్క్‌లోకి తీసి, వెతుకులాట ఆ ఇమేజ్ మీదే చేయండి.