వేరుశనగ తెగులుపై ట్రైకోడెర్మా: రసాయన పోరును విడదీసి చూసిన నా అనుభవం

మొక్కల తెగుళ్ళ విభాగంలో ఎమ్మెస్సీ చేస్తున్నప్పుడు, వేరుశనగలో మొదలు కుళ్ళు తెగులు కలిగించే స్క్లెరోషియం రోల్ఫ్సీ అనే శిలీంద్రాన్ని, మేలు చేసే మరో శిలీంద్రమైన ట్రైకోడెర్మా ఏ విధంగా అణచివేస్తుందో తెలుసుకోవడాన్ని పరిశోధనాంశంగా తీసుకున్నాను. అనంతపురం ప్రాంతపు చేలలో వడలిన మొక్కల మొదళ్ళను పట్టిన తెల్లని బూజు నుంచి, దానిమీద ఆవగింజల్లా ఉండే గోధుమరంగు స్క్లెరోషియాల (శిలీంద్రపు పోగులు గట్టిపడి ఏర్పడే విశ్రాంత గడ్డల) నుంచి తెగులు శిలీంద్రాన్ని వేరుచేసుకున్నాను.

మొదట పీడీఏ (బంగాళాదుంప, డెక్స్ట్రోజ్, అగర్ కలిపిన పెంపక మాధ్యమం) పోసిన 90 మిల్లీమీటర్ల పెట్రీ ప్లేటులో రెండు శిలీంద్రాలనూ ఎదురెదురుగా పెంచాను. ట్రైకోడెర్మా అవతలి దానిని నిలువరించి, దానిమీదికి పాకి, ఆకుపచ్చని సిద్ధబీజాలతో కప్పేసింది. అయితే ఈ గెలుపు చోటునూ ఆహారాన్నీ ముందుగా ఆక్రమించుకోవడం వల్ల వచ్చిందా, రసాయనాల వల్ల వచ్చిందా అన్నది ఈ ప్లేటు చెప్పలేదు; ఇక్కడే ఆగిపోయి నిర్ణయానికి రావడం సరికాదని నా అభిప్రాయం.

అందువల్ల 1971లో శాస్త్రవేత్తలు డెనిస్, వెబ్‌స్టర్ వివరించిన రెండు పద్ధతులను ఆశ్రయించాను. మాధ్యమంపై పరిచిన సెల్లోఫేన్ మీద ట్రైకోడెర్మాను పెంచి, తరువాత ఆ పొరను శిలీంద్రంతో సహా ఎత్తివేసి, అదే మాధ్యమంపై రోల్ఫ్సీని ఉంచినప్పుడు, ప్రత్యర్థి అక్కడ లేకపోయినా రోల్ఫ్సీ పెరుగుదల బాగా తగ్గింది. కణపొరకు రంధ్రాలు చేసే పెప్టైబాల్స్ అనే చిన్న పెప్టైడ్లు, కణకవచాన్ని కోసే కైటినేజ్, గ్లూకనేజ్ ఎంజైములు ట్రైకోడెర్మా స్రవించేవాటిలో ముఖ్యమైనవి. కొన్ని రకాలు ఇతర శిలీంద్రాలకు విషమైన గ్లియోటాక్సిన్‌ను కూడా తయారుచేస్తాయి. ఇక రెండు ప్లేట్ల అడుగు భాగాలను ఎదురెదురుగా మూసి టేపు చుట్టిన పద్ధతిలో గాలిలో కలిసే పదార్థాలు మాత్రమే అవతలికి చేరతాయి. ఆ టేపు విప్పగానే కొబ్బరి వాసన వచ్చింది. ట్రైకోడెర్మాలో ఆ వాసనకు కారణం 6-పెంటైల్ పైరోన్ అనే సమ్మేళనం, దానికి శిలీంద్రాలను నిరోధించే గుణమూ ఉంది.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది మాత్రం తెగులు శిలీంద్రం వైపు జరిగిన పని. ఆమ్లత పెరిగితే నీలం నుంచి పసుపుకు మారే బ్రోమోఫినాల్ బ్లూ అనే రంగు కలిపిన మాధ్యమంపై రోల్ఫ్సీని పెంచితే, అది స్రవించే ఆక్జాలిక్ ఆమ్లం వల్ల దాని చుట్టూ నీలం పోయి పసుపు వలయం ఏర్పడింది. మొక్క కణజాలాన్ని కుళ్ళబెట్టడానికి అది వాడే ఆమ్లం ఇదే. పైగా మెలనిన్ పట్టిన గట్టి పైపొర స్క్లెరోషియాలను కాపాడుతుంది. ట్రైకోడెర్మా పూర్తిగా కప్పేసిన ప్లేట్ల నుంచి వాటిని ఏరి, ఉపరితలాన్ని శుద్ధిచేసి కొత్త మాధ్యమంపై ఉంచితే, కొన్నింటి నుంచి ఆకుపచ్చని ట్రైకోడెర్మాయే బయటికి వచ్చింది, మరికొన్ని మాత్రం మళ్ళీ తెల్లగా మొలకెత్తాయి. అందుకే ప్లేటులో కొలిచిన నిరోధక శాతంతో పాటు ఈ మొలకల లెక్కను కూడా నా సిద్ధాంత గ్రంథంలో విడిగా చేర్చాను.