మెర్క్యూరియల్ కొందామని వెళ్ళి ఎఫ్‌50తో వచ్చాను

మా ఆదివారం ఫుట్‌బాల్ టీమ్‌లో నాది రైట్ వింగ్, అంటే కుడి అంచు వెంట పరిగెత్తే చోటు. ముప్పై దాటాక నా పరుగు మీద ఎవరికీ భ్రమల్లేవు, నాక్కూడా. అయినా వింగర్ అన్నాక స్పీడ్ బూట్లు లేకపోతే ఎలా? పాత జత సోల్ ముందు వైపు నోరు తెరిచింది, ఆఫీసుల టోర్నమెంటు ముంచుకొస్తోంది. ఈసారి షాపువాడు ఏది చూపిస్తే అది తెచ్చుకోకుండా కాస్త చదివి, నాలుగు రకాలు తొడిగి చూసి కొనాలనుకున్నాను. బడ్జెట్ తొమ్మిది వేలు. ఆ పైన ఒక్క రూపాయి కూడా వద్దని ఇంట్లో ముందే ఒప్పందం.

పోటీ ముఖ్యంగా రెండింటి మధ్యే: నైకీ మెర్క్యూరియల్ వేపర్, అడిడాస్ ఎఫ్‌50. ప్యూమా అల్ట్రా కూడా ఉంది, దాని సంగతి తర్వాత చెప్తాను. మనసు మాత్రం మొదట్నుంచీ మెర్క్యూరియల్ మీదే. 2002 ప్రపంచకప్ ఫైనల్‌ని టీవీకి అతుక్కుపోయి చూసిన పిల్లలం మేం. యోకోహామాలో జర్మనీ మీద రెండు గోల్స్ కొట్టిన బ్రెజిల్ రొనాల్డో కాళ్ళకి ఉన్నవి వేపర్లే. ఆ తర్వాత కొన్నాళ్ళు మా వీధిలో ప్రతి ఇంట్లో గొడవ, ముందు కాస్త జుట్టు వదిలేసి మిగతాదంతా గుండు కొట్టించుకుంటామని. బూట్లు ఎలాగూ కొనివ్వరు, కనీసం గుండైనా.

మెర్క్యూరియల్ అనే పేరు 1998లో అదే రొనాల్డోతో వచ్చింది. ఎఫ్‌50 వచ్చింది 2004లో. బరువు పందెం ఊపందుకున్నది మాత్రం 2010లో, ఎఫ్‌50 అడిజీరో 165 గ్రాములేనని చెప్పి మెస్సీ చేత వేయించినప్పుడు. 2015కల్లా పిచ్చి ముదిరింది. ప్యూమా 103 గ్రాముల ఎవోస్పీడ్ ఎస్‌ఎల్ తెచ్చింది, అడిడాస్ 99 గ్రాముల అడిజీరో తెచ్చింది. ఫుట్‌బాల్ బంతే 410 నుంచి 450 గ్రాములుంటుంది. బంతిలో నాలుగో వంతు కూడా తూగని బూటుతో బంతిని తన్నాలన్నమాట! అంత పల్చటి బూటు మీద ఎదుటివాడి స్టడ్ (సోల్ కింది బుడిపె) పడితే నేరుగా కాలి మీద పడ్డట్టే. ఆ పందెం తర్వాత చల్లబడింది. ఇప్పుడు టాప్ మోడళ్ళు కూడా 200 గ్రాములకి అటూఇటూగా ఉంటున్నాయి. అడిడాస్ అదే 2015లో ఎఫ్‌50 పేరు పక్కన పెట్టి ఎక్స్ అనే పేరు పట్టుకుంది. మళ్ళీ 2024లో పాత పేరుకే వచ్చింది.

మా గ్రౌండ్‌కి పొద్దున్నే వాకింగ్‌కి వచ్చే పెద్దాయన ఒకరున్నారు. ఒకప్పుడు డిపార్ట్‌మెంట్ టీమ్‌కి ఆడారట. మా గ్రాముల లెక్కలు వింటే ఆయనకి ఒకటే నవ్వు. వాళ్ళ కాలంలో తోలు బూట్లు, వానలో తడిస్తే కాలు లేచేది కాదంటారు. 1948 లండన్ ఒలింపిక్స్‌లో మనవాళ్ళు చాలామంది వట్టి కాళ్ళతోనే ఫ్రాన్స్‌తో ఆడి 2-1తో ఓడారు, అదీ రెండు పెనాల్టీలు పోగొట్టుకుని. నాలుగేళ్ళకి హెల్సింకీ చలిలో యుగోస్లావియా 10-1తో చితక్కొట్టాక బూట్లు తప్పనిసరయ్యాయి. ఆ తర్వాత మన హైదరాబాద్ రహీం సాబ్ కోచ్‌గా, బూట్లు వేసుకున్న జట్టే 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో స్వర్ణం తెచ్చింది. "వాళ్ళ బూట్లు ఎన్ని గ్రాములు బాబూ?" అని అడుగుతారాయన. ఏం చెప్తాం?

సరే, మన బడ్జెట్ దగ్గరికి వద్దాం. టీవీలో ఎంబాపె వేసుకునే మెర్క్యూరియల్, యమాల్ వేసుకునే ఎఫ్‌50 ఎలీట్ రకాలు. వాటి ధర ఇరవై వేల పైమాటే. నా తొమ్మిది వేలకి వచ్చేవి నైకీలో అకాడమీ, అడిడాస్‌లో లీగ్, ప్యూమాలో మ్యాచ్. పేరొకటే, రంగొకటే, పది అడుగుల దూరం నుంచి చూస్తే తేడా తెలీదు. లోపల మాత్రం వేరే బూటు. ఉదాహరణకి మెర్క్యూరియల్ ఎలీట్‌లో ఎయిర్ జూమ్ (సోల్‌లో పెట్టే గాలి కుషన్) పాదంలో ముప్పాతిక భాగం పొడవునా ఉంటుంది, అకాడమీలో మడమ కింద చిన్న ముక్క. పేరు మాత్రం రెండింటిలోనూ 'జూమ్' అనే. యూట్యూబ్‌లో రివ్యూలు చెప్పేవాళ్ళలో ఎక్కువమంది ఎలీట్లే వేసుకుని చూపిస్తారు. అవి చూసి అకాడమీ గురించి తీర్పు చెప్పడం కుదరదు. నేను రాత్రుళ్ళు కూర్చుని చూసిన వీడియోల్లో నాకు పనికొచ్చినవి చాలా తక్కువ.

ఇక సోల్ సంగతి. వారం మధ్యలో మేం ఆడేది కొండాపూర్ వైపు టర్ఫ్‌లో. దానికి రబ్బరు బుడిపెల టీఎఫ్ జత నా దగ్గర ఉంది. వెతుకుతున్నది ఆదివారం గడ్డి గ్రౌండ్ కోసం. గడ్డి అంటే వానాకాలంలో గడ్డి. సంక్రాంతి దాటాక సగం మట్టే, గోల్ ముందు అయితే సిమెంటు గచ్చులా గట్టి పడిపోతుంది. ఎఫ్‌జీ సోల్ మంచి గడ్డికి, ఎస్‌జీ బురద నేలకి, ఏజీ కృత్రిమ గడ్డికి. పొడవైన బ్లేడు స్టడ్లు గట్టి నేలలో దిగవు, ఆ ఒత్తిడంతా అరికాల్లోకే వస్తుంది. అవే స్టడ్లు టర్ఫ్‌లో దిగి పట్టుకుంటే వదలవు, ఒళ్ళు తిరుగుతుంది కానీ కాలు తిరగదు. మా లెఫ్ట్ బ్యాక్ మోకాలి లిగమెంట్ అలాగే పోయింది. అందుకని నాకు కావాల్సింది రకరకాల నేలల మీద నడిచే ఎంజీ సోల్. అకాడమీ, లీగ్ స్థాయిలో ఇది దొరుకుతుంది. ఈ ఒక్క విషయంలో చవక రకమే మాలాంటి వాళ్ళకి మేలు, ఎలీట్లు నున్నటి గడ్డి మైదానాల కోసం చేసినవి.

సాయంత్రం పూట, పాదం కాస్త ఉబ్బి ఉన్నప్పుడు, ఆడే సాక్సు జేబులో పెట్టుకుని షాపుకెళ్ళాను. ఇంట్లో కాగితం మీద పాదాలు గీసి కొలిచాను కూడా. నా ఎడమ పాదం కుడిదానికన్నా ఇసుమంత పొడవు, రెండూ వేళ్ళ దగ్గర వెడల్పు. షాపులో మొదట చూసింది లేబుళ్ళు. నాది యూకే 8. నైకీ బూటు నాలుక (లేసుల కింది పట్టీ) మీద యూకే 8 పక్కన 27 సెంటీమీటర్లు, యూరోపు సైజు 42.5 అని ఉంది. అడిడాస్ యూకే 8కి 26.5 సెంటీమీటర్లు, 42. ప్యూమా యూకే 8కి 27 సెంటీమీటర్లు, మళ్ళీ 42! ఒకే 8, మూడు లెక్కలు. యూకే అంకె నమ్మి ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టేవాళ్ళు ఇక్కడే దెబ్బతింటారు. సెంటీమీటర్లు చూడటం ఉత్తమం.

ముందు మెర్క్యూరియల్ వేపర్ అకాడమీ. తొడగ్గానే మడమ కూర్చున్న తీరు చూసి సంబరపడ్డాను. అద్భుతం, ఎక్కడా వదులు లేదు. రెండడుగులు వేశాక చిటికెన వేలు గుర్తొచ్చింది. బూటు అంచు ముందుకొచ్చేకొద్దీ లోపలికి ఒంపు తిరుగుతుంది, సరిగ్గా అక్కడే నా పాదం బయటికి వస్తుంది. బయటి వైపు చర్మంలాంటి సింథటిక్ మీద వేలి ఆకారం బుడిపెలా కనిపిస్తోంది, వేలితో నొక్కితే నొప్పి. షాపు కుర్రాడు "హాఫ్ సైజ్ పెద్దది తీస్కో అన్నా, అందరూ అట్లనే తీస్కుంటరు" అన్నాడు. యూకే 8.5 వేశాను. వేలికి ఊపిరాడింది, కానీ మునివేళ్ళ మీద లేస్తే మడమ జారుతోంది, బొటనవేలి ముందు ఖాళీ. పక్కకి ఒక్కసారి గట్టిగా అడుగు మార్చి చూశాను, పాదం లోపల జరిగింది. స్పీడ్ బూటు బిగుతుగా లేకపోతే దాన్ని కొనడమెందుకు? పైగా అది కంగారూ తోలు కాదు, వేసుకోగా వేసుకోగా సాగడానికి. సింథటిక్ మొదటి రోజు ఎక్కడ నొక్కితే నెల తర్వాతా ఇంచుమించు అక్కడే నొక్కుతుంది.

"సూపర్‌ఫ్లై చూస్తవా అన్నా?" అన్నాడు. సూపర్‌ఫ్లై అంటే వేపర్‌కే చీలమండ దాకా సాక్సులాంటి కాలర్ తగిలించింది. ఏప్రిల్లో హైదరాబాద్ ఎండలో అది వేసుకుని ఆడే ధైర్యం నాకు లేదు.

తర్వాత ఎఫ్‌50 లీగ్, లేసులున్నది. 8 వేస్తే బొటనవేలు ముందుకి తగిలింది, 26.5 కదా మరి. 8.5 తెప్పించాను. మడమ పట్టు వేపర్ అంత గట్టిగా లేదు, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ చిటికెన వేలి పక్కన గోడ కాస్త లొంగింది. చివరి రెండు లేసు కన్నాలు గట్టిగా బిగిస్తే మడమ కూడా నిలిచింది. మునివేళ్ళ మీద లేచాను, గుంజీలు తీశాను, షాపు నడవలో అటు నుంచి ఇటు చిన్న పరుగు పెట్టాను. సెక్యూరిటీ అతను వింతగా చూశాడు. చూడనీ. బొటనవేలి ముందు గోరంత జాగా, పక్కల్లో ఏదీ నొక్కట్లేదు.

ప్యూమా అల్ట్రా మ్యాచ్ కూడా వేశాను. మన ఫుట్‌బాల్ స్టార్ సునీల్ ఛెత్రి ప్యూమా వేసుకునేవాడు కాబట్టి మా గోల్‌కీపర్ అదే కొనమని పోరుపెట్టాడు. పొడవు సరిపోయింది, పాదం మధ్య ఒంపు దగ్గర ఏదో ఎత్తుగా తగిలింది. తీసేశాను.

ఎఫ్‌50 ఖాయం చేసుకున్నాక కూడా ఆశ చావలేదు. అదే జత ఆన్‌లైన్‌లో వేరే సెల్లర్ దగ్గర రెండు వేలు తక్కువకి కనిపించింది. షాపులో కాస్త ఆలోచిస్తానని చెప్పి వచ్చేసి ఆర్డర్ పెట్టాను, రిటర్న్ ఉందా లేదా చూసుకునే. వచ్చిన జత పెట్టె విప్పగానే జిగురు వాసన గుప్పుమంది. నాలుక లోపలి లేబుళ్ళు చూశాను. అడిడాస్ బూట్లలో కుడి ఎడమ లేబుళ్ళ మీద చివర ఉండే నంబర్లు వేర్వేరుగా ఉండాలి. ఇందులో రెండింటికీ ఒకటే నంబరు, అక్షరం పొల్లుపోకుండా. ఫస్ట్ కాపీ, అంటే నకిలీ! సోల్ కుట్టిన చోట కాదు, అతికించిన చోట జిగురు బయటికి కారి ఎండిపోయి ఉంది. రిటర్న్ పెట్టాను. తీసుకెళ్ళడానికి వచ్చిన అబ్బాయి "ట్యాగ్ ఉందా అన్నా" అని అడిగి పట్టుకుపోయాడు, డబ్బు తిరిగి రావడానికి మాత్రం కస్టమర్ కేర్‌తో చాలా సహనం కావాల్సి వచ్చింది. మళ్ళీ షాపుకే వెళ్ళి బిల్లుతో కొన్నాను. కుర్రాడు నవ్వాడు, ఏమీ అనలేదు.

ఇంటికి తెచ్చి వంటింట్లో తూకం మెషీన్ మీద పెట్టాను. "ఒరేయ్, పిండి తూచేదాని మీద బూట్లేంట్రా!" అని అమ్మ అరిచింది. కొత్తవేనమ్మా, నేల తాకలేదని నచ్చజెప్పి పాత జత కూడా, దానికింద పేపరు వేసి, తూచాను. ఒక్కో బూటుకి యాభై గ్రాములకి పైనే తగ్గింది. పరుగు మీద చేసిన పరిశోధనల్లో ఒక్కో బూటుకి 100 గ్రాములు పెరిగితే ఒంట్లో ఖర్చయ్యే శక్తి సుమారు 1 శాతం పెరుగుతుందని తేలింది. ఆ లెక్కన నాకు మిగిలింది అర శాతం. నా పొట్ట కొంచెం తగ్గితే అంతకన్నా ఎక్కువే మిగులుతుందని అమ్మ అంచనా. వేపర్‌కీ ఎఫ్‌50కీ మధ్య పదీ పదిహేను గ్రాముల తేడా గురించి జనం కొట్టుకుంటారే, అది ఈ లెక్కలో ఎక్కడుందో భూతద్దంతో వెతుక్కోవాలి.

మా దగ్గర ఇంకో అలవాటుంది. కొత్త బూట్లు కొనగానే చెప్పులు కుట్టేవాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళి సోల్ చుట్టూ కుట్టు వేయిస్తారు. ఎండకి జిగురు వదిలేస్తుంది కాబట్టి మంచి పనే. నేనూ తీసుకెళ్ళాను. ఆయన బూటుని తిప్పి, ముందు భాగాన్ని వంచి, గోటితో సోల్ అంచు గీకి చూశాడు. "ఇది రబ్బరు కాదు సార్, గట్టి ప్లాస్టిక్. పల్చగుంది. సూది దింపితే ఈడికాడ పగుల్తది" అని వెనక్కిచ్చాడు. తనకొచ్చే డబ్బులు పోతాయని తెలిసి కూడా వద్దన్నాడు. స్పీడ్ బూటు సోల్ అంత పల్చగా, బిరుసుగా ఉండటం వల్లే అడుగు వేయగానే తిరిగి తంతుంది. పల్చనివి కాబట్టే కుట్టుకి నిలవవు. అందుకని ఇప్పుడు ఆట అవగానే మట్టి దులిపి, లోపల న్యూస్‌పేపరు కుక్కి, నీడన ఆరబెడుతున్నాను. బండి డిక్కీలో వదిలేయడం మానేశాను. మధ్యాహ్నం ఆ డిక్కీలో ఏ జిగురూ బతకదు.

టోర్నమెంటులో క్వార్టర్స్‌లో పోయాం, అందులో బూట్ల తప్పేం లేదు. మొదటి మ్యాచ్‌లోనే కుడి మడమ దగ్గర చిన్న బొబ్బ వచ్చింది, టేపు వేసుకుని ఆడాక మళ్ళీ రాలేదు. గట్టి నేల మీద అరికాలు మంట పాత జతకన్నా తక్కువ. మా లెఫ్ట్ వింగర్ కూడా ఇదే సమయంలో బూట్లు కొన్నాడు, వాడి పాదం సన్నగా పొడుగ్గా ఉంటుంది. నా ఎఫ్‌50 వేసి చూసుకుని "బకెట్‌లో కాలు పెట్టినట్టుంది బ్రో" అన్నాడు. వేపర్ అకాడమీ కొనుక్కున్నాడు, మొదటి రోజు నుంచే వాడికి ఎక్కడా ఇబ్బంది లేదు. ఇప్పుడు ఆదివారాలు ఏది గొప్పదని మేమిద్దరం గొడవపడుతుంటే, ఆ పెద్దాయన ముందు క్రాస్ (అంచు నుంచి గోల్ ముందుకి వేసే పాస్) సరిగ్గా వేయడం నేర్చుకోమంటున్నారు.